ఆవమొక్కయు పసిడిగుట్టయు

మొక్క మంటినుండి బంగారము తీయునని చెప్పగానే మన పట్టణములందలి పెద్దమనుష్యులు కొందఱు పరుసవేది కథను జ్ఞప్తికి దెచ్చుకొని నవ్వుచున్నారు. ఆ నవ్వు తొందరపాటు. 1998లో న్యూజీలాండు దేశపు మాసే విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండర్సను, బ్రూక్సు మున్నగు శాస్త్రజ్ఞులు పసిడి గల మంటిలో మొక్కలు పెంచి, ఆకులలోనికి బంగారము నెక్కించి చూపిరి. ఆ వృత్తాంతము 'నేచర్' పత్రికలో వెలువడినది. వారెన్నుకొన్న మొక్క యేది? మన తిరుగమోతలో చిటపటలాడు ఆవ!

పసిడి నీట కరగదు గనుక వేరు దానిని త్రాగజాలదు. అమ్మోనియం థయోసైనేటు అను లవణమును మంటికి బెట్టినచో అది కరగును. మొక్క నీటితో బాటు పీల్చును. పిమ్మట కోసి, ఎండబెట్టి, కాల్చి, బూడిదనుండి లోహమును వేఱుచేయవలెను. ఇందు మంత్రము లేదు, మహాలాభమును లేదు. ఎండిన మొక్క టన్నునకు గ్రాముల లెక్కయే. ఎకరమున ఆవ చల్లి కోటికి పడగలెత్తుదురని చెప్పువాడు వచ్చినచో వానికి పీట వేయకుడు.

మఱి ఈ విద్య యేల? కోలారును చూడుడు. 1880 ప్రాంతమున ఆంగ్లేయ కంపెనీ త్రవ్వనారంభించి పసిడిని సీమకు తరలించినది. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనపఱచుకొనెను. 2001 ఫిబ్రవరి 28న మన ప్రభుత్వ సంస్థయే వానికి తాళము వేసినది. తరతరములుగా పాతాళమునకు దిగిన తమిళ, తెలుగు కూలీల సంతతికి మిగిలినవి సయనైడు గుట్టలు. గాలి వీచినంతనే ఆ దుమ్ము ఇండ్లలోనికి, నీటికుండలలోనికి, పసిబిడ్డల ఊపిరిలోనికి పోవుచున్నది. 2024 జూనులో పదమూడు గుట్టలను మరల తోడి మిగిలిన పసిడి తీయు కేంద్ర ప్రతిపాదనను కర్ణాటక మంత్రివర్గము అంగీకరించెను. గుట్టలోని రవ్వలకు లెక్క గట్టువారు దుమ్ము మ్రింగినవారి లెక్క ఎన్నడు కట్టెదరు?

ఒక్క గుట్టనైనను మొక్కల పరీక్షకు విడువుడని మా కోరిక. బ్రెజిలు గనులయొద్ద కుప్పలపై ఆవను, మొక్కజొన్నను నాటి చూచిరి గదా! పసిడి వచ్చిన మంచిదే. రాకున్న వేళ్లు దుమ్మును పట్టి యుంచును. అయితే ఆ లవణము బావులలోనికి దిగినచో రోగమునకు రోగము తోడగును. కావున ముందు ఊటనీటిని పరీక్షించి, గుట్ట చుట్టు కట్ట వేసి, పశువులు మేయకుండ కంచె నాటి, ఆ పిమ్మటనే విత్తనము చల్లవలెను. వ్యయమగునని అధికారులు గొణగుదురు. నూఱేండ్లకు పైగా కోలారు ఇచ్చిన పసిడిలో ఈ వ్యయము ఎన్నవ పాలు? కాపలాకును కోతకును గని కుటుంబములవారినే పెట్టుకొనవలెను. బూడిదనుండి వచ్చినది ఆ పట్టణపు ఆసుపత్రికే చెందవలెను.