పొగగూడు బాగుచేయించునప్పుడు పొయ్యినికూడ మార్చుడు

వానలకు ముందే మిద్దెమీద చౌడు పరపించి, గోడలకు సున్నము కొట్టించుకొనుట బళ్లారి సీమలోని పాత ఇండ్లవారికి తరతరములుగా వచ్చిన అలవాటు. పొగగూడు గల ఇండ్లలో ఆ పనితోపాటే దానినికూడ చూచుకొందురు. లోపలి గార ఊడి, ఇటుకల సందులనుండి పొగ గదిలోనికి దిగుచున్నచో బేల్దారిని పిలిపించి క్రొత్త పూత వేయింతురు. లేదా లోపల గొట్టము దింపింతురు. క్రిందనున్న కట్టెలపొయ్యిని మాత్రము ముట్టరు. ఈ పద్ధతి సరికాదని మా అభిప్రాయము.

పొయ్యియు పొగగూడును రెండు వేరు వస్తువులు కావు. గొట్టములోని వేడిగాలి తేలికయై పైకి పోవుటవలననే పొగ వెలుపలికి లాగబడును. మన పాత పొయ్యికి నోరు వెడల్పు; కుండకును పొయ్యిగడ్డలకును నడుమ సందులు. ఆ సందులలోని పొగ గొట్టమునకంటె ముందు వంటచేయు ఆమె ముఖమును చేరును. వెడల్పైన నోటిద్వారా చల్లగాలి అధికముగా ప్రవేశించి గొట్టమును చల్లార్చును. అప్పుడు పొగ లోపలి గోడలకు తారువలె అంటుకొని పేరుకొనును. దానికి ఒకనాడు నిప్పంటుకొనవచ్చును. బళ్లారి జాలి, అనగా సర్కారు తుమ్మ, మంచి వంటచెరకే గాని, పచ్చిగా కాల్చినచో ఈ కీడు ఇంకను హెచ్చును. కారణము క్రింద నుండగా పైన మాత్రము పూత వేయించుట వలన ప్రయోజనము కొద్దికాలమే.

ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు పొగలేని వంటయిండ్లను గూర్చి 1953లోనే పుస్తకము ప్రకటించిరి. బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థలోని ‘అస్త్ర’ విభాగమువారు 1980 దశాబ్దములో మూడు గిన్నెలు పట్టు ‘అస్త్ర ఒలె’ను కర్ణాటక గ్రామములకు అందించిరి. ఇండ్లలోని పొగ మూలముగా 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గ్యాసు వచ్చినది గదా యని కొందరనవచ్చును. 2016లో ఉజ్జ్వల పథకము ఆరంభమైన పిమ్మట పేద ఇండ్లకును సిలిండరు చేరినమాట నిజమే. అయినను స్నానపు నీళ్లకును, జొన్నరొట్టెలకును, పండుగ వంటలకును కట్టెలపొయ్యి వెలిగించు ఇండ్లు మనలో లేకపోలేదు. గ్యాసుతోనే సరిపెట్టుకొనగలవారు పాత పొయ్యిని తీసివేయుట మేలు. కట్టెలు కాల్చక తప్పనివారు మూతనోరు గల క్రొత్త పొయ్యి కట్టించి, దానికి తగిన గొట్టము నమర్చుకొనవలెను. గొట్టము పిట్టగోడకు మించి పైకి లేవవలెను. మసి తీయుటకు అడుగున ద్వారముండవలెను. పాత ఆస్బెస్టాసు గొట్టమున్నచో దానిని రంపముతో కోయింపరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము.

క్రొత్త పొయ్యి వచ్చినంతమాత్రమున పని తీరదు. ఒడిశా గ్రామములలో జరిగి 2016లో ప్రకటితమైన యొక పరిశోధన ఈ సంగతినే తెలిపినది: మొదటి యేడు పొగ తగ్గినది, పిమ్మట మరమ్మతులు లేక, వాడకము తగ్గి, ఆ మేలు నిలువలేదు. కావున గొట్టమును తరచుగా శుభ్రపరచు బాధ్యత ఇంటిలో ఎవరిదో ముందే నిర్ణయించుకొనవలెను. ఆ భారముకూడ వంటచేయువారిమీదనే వేయుట న్యాయము కాదు.

పాత పొయ్యి అవ్వలనాటిదను మమకారము సహజమే. కాని ఆ అవ్వలు మట్టిపొయ్యి పగిలినప్పుడెల్ల దానిని తీసివేసి, క్రొత్తమట్టి తొక్కి, తమ కుండలకు తగినట్లు మరల వేసికొనెడివారు. వారు నిలుపుకొన్నది వంటయే గాని ఆ మన్ను కాదు.

మిద్దె పనికి లెక్క వేయించునప్పుడు బేల్దారితో మాటలాడువారు మగవారు. పొగలో కూర్చుండువారు ఆడవారు. ఈ యేడు లెక్క వ్రాయింపకముందే పొయ్యి ఎచ్చట నుండవలెనో, ఎంత ఎత్తుండవలెనో వారినే అడుగుడు. పొయ్యి ఖర్చునుకూడ పొగగూడు ఖర్చుతో కలిపి వ్రాయింపుడు.