ద్వారబంధం పీకనక్కర్లేదు

1937లో కోస్తా, రాయలసీమ నేతల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరిన చెన్నైలోని మైలాపూరు తెలుగువారికి పరాయిది కాదు. అక్కడి మాడవీధుల్లో మిగిలిన పాత ఇళ్లవి సున్నపు గోడలు, టేకు ద్వారబంధాలు. వాన చెమ్మకు అడుగున జానెడు పుచ్చితే చాలు, ద్వారబంధం మొత్తం పీకించేస్తున్నారు. ఇది అన్యాయం. సుత్తి దెబ్బలకు పక్కనున్న సున్నపు పూత కూడా పెచ్చులుగా రాలిపోతుంది.

ఆసిలేటింగ్ మల్టీటూల్ అనే పనిముట్టు ఉంటే అంత విధ్వంసం అక్కర్లేదు. దీని బ్లేడు గిర్రున తిరగదు. మూడు నాలుగు డిగ్రీల మేర, నిమిషానికి 20 వేల సార్లదాకా అటూ ఇటూ కదులుతుంది. పిండికట్లు కోయడానికి జర్మనీలోని ఫైన్ సంస్థ 1967లో తెచ్చిన రంపమే దీనికి మూలం. గోడవారగా బ్లేడు ఆనించి, పుచ్చినంత మేరే కోసి, కొత్త టేకు ముక్క అతికించవచ్చు.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అందుకే కోసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

ద్వారబంధం పీకమనే ముందు, వడ్రంగిని ఈ పనిముట్టు తెమ్మని అడగండి.