అన్నం పొట్లంతోపాటే మరుగుదొడ్డీ అడగాలి

తుపానో వరదో వస్తోందనగానే కూలిజనాన్ని లారీలెక్కించి ఏ హైస్కూల్లోనో దించుతారు. సాయంత్రానికి పులిహోర పొట్లాలొస్తాయి. మర్నాడు నాయకులొస్తారు, వెనకే ఫొటోలవాళ్లొస్తారు. పొట్లం తిన్న మనిషి తెల్లవారితే ఎక్కడికెళ్లాలన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అడగటానికి మనకూ సిగ్గే. ఆ సిగ్గు వదిలేయాలని మేమంటున్నాం.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో దాదాపు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. బతికి బయటపడ్డవాళ్లకు మిగిలినవి ఉప్పుబారిన చెరువులు, కుళ్లిన పశువుల కళేబరాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ అంతే. చుట్టూ మురుగునీరు, తాగటానికి మాత్రం చుక్క లేదు. మధ్యలో 47 ఏళ్లు గడిచాయి!

ఇది ఎవరి దయాధర్మమూ కాదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షను ప్రకారం సహాయ శిబిరంలో కూడు, గూడు, నీరు, వైద్యంతోపాటు పారిశుధ్యానికీ కనీస ప్రమాణాలుండాలి. ఆ ప్రమాణాలను జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ రాసే పెట్టింది: 30 మందికి ఒక మరుగుదొడ్డి, అదీ 50 మీటర్ల లోపు. స్నానానికీ దొడ్డి వాడకానికీ మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. ఆడవాళ్లకు వేరే దొడ్లు. 600 మందిని ఒక స్కూల్లో కుక్కితే 20 దొడ్లుండాలన్నమాట. మన పల్లెల్లో ఏ స్కూల్లో ఉన్నాయి 20? ఉన్న నాలుగింటిలో రెంటికి తలుపుండదు, ఒకదానికి తాళముంటుంది.

ఆడకూలీల అవస్థ చెప్పనలవి కాదు. చీకటి పడేదాకా వెళ్లలేక పగలంతా నీళ్లు తాగటం మానేస్తారు. బాలింతలూ అంతే, ముట్టయినవాళ్లూ అంతే. దొడ్డికి లోపల గడియ, దారిలో దీపం ఉండాలి. ఎక్కడ కట్టాలో ఇంజనీరు కాదు, వాళ్లే చెప్పాలి.

ఇక చేతులు కడుక్కోండంటూ మైకుల్లో ఉపన్యాసాలు! సబ్బుబిళ్ల ఇవ్వకుండా, బకెట్టు నీళ్లు చూపకుండా కడుక్కోమనటం పేదవాణ్ణి వెక్కిరించటమే. నిజానికి చెప్పాల్సింది చాలా ఉంది. బురదనీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి వెంటనే తాగేస్తే లాభం లేదు. ముందు గుడ్డతో వడగట్టాలి, బిళ్ల వేశాక అరగంట ఆగాలి. ఇది బిళ్లతోపాటు చెప్పాలి, మన వాడలో మనిషి చెప్పాలి.

శిబిరం ఊడ్చే పని మళ్లీ దళితవాడ నెత్తినే వేయటం సాగనివ్వరాదు. వాళ్లూ ఇల్లు మునిగినవాళ్లే. ఎవరు చేసినా కూలి ఇవ్వాలి, చేతికి తొడుగులు, కాలికి బూట్లు ఇవ్వాలి.

మన వ్యవసాయ కార్మిక సంఘాలు తుపానులొచ్చే అక్టోబరు దాకా ఆగనక్కరలేదు. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు కలిసి శిబిరం పెట్టే స్కూలుకు వెళ్లండి. దొడ్లెన్ని, తలుపులెన్ని, బోరింగు పనిచేస్తోందా, దానికి గుంట దొడ్డి ఎంత దూరం (30 మీటర్లకు తగ్గకూడదు) చూసి కాగితం మీద రాయండి. తహసీల్దారు చేతికిచ్చి రసీదు తీసుకోండి.