బరువు సర్జరీకి అడ్డుపడుతున్న పాత లెక్క

2022 మే 16న బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ చనిపోయారు. వయసు 21. ఇంట్లో చెప్పకుండా కాస్మెటిక్ క్లినిక్‌లో కొవ్వు తీయించుకోబోయారని వార్తలొచ్చాయి. 2015 జూన్‌లో సినీ నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడూ లైపోసక్షన్ మాటే వినపడింది. ఇలాంటి వార్తలతో మనవాళ్లకు బరువు తగ్గే ఆపరేషన్ అంటేనే జంకు. నిజానికి లైపోసక్షన్ ఊబకాయానికి వైద్యం కాదు. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసి ఒంటికి ఆకారం తెచ్చే పని అది. దాంతో ఆకలి మారదు, షుగరు అదుపులోకి రాదు.

ఊబకాయానికి చేసే బేరియాట్రిక్ సర్జరీ సంగతి వేరు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో 75-80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ప్రధానంగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో తిండిని చిన్నపేగు మొదటి భాగం తగలకుండా దారి మళ్లిస్తారు. చాలామంది మధుమేహులకు బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, రోజుల్లోనే చక్కెర దిగివస్తుంది. ప్రమాదం అసలే లేదంటే మాత్రం అబద్ధం. 2024లో చెన్నై శివారు ఆసుపత్రిలో ఈ సర్జరీకి వెళ్లిన యువకుడు చనిపోతే తమిళనాడు ప్రభుత్వం ఆ ఆసుపత్రి లైసెన్సును తాత్కాలికంగా నిలిపేసింది. ఎక్కడ చేయించుకుంటున్నామన్నది ఎవరు చేస్తున్నారన్నంత ముఖ్యం.

భయాన్ని దాటి వచ్చినవాళ్లకు అసలు చిక్కు బీమా దగ్గర ఎదురవుతుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన నిబంధన ప్రకారం ఈ సర్జరీకి డబ్బు రావాలంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక) 40 ఉండాలి, లేదా 35తో పాటు అదుపు తప్పిన టైప్-2 మధుమేహం, తీవ్రమైన స్లీప్ అప్నియా, గుండె జబ్బులాంటివి ఉండాలి. ఈ 40, 35 అంకెలు 1991లో అమెరికాలో వైద్య నిపుణులు గీసిన గీతలు. ఆ గీతలను అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో మార్చేశాయి. ఆసియా వాసులకు 27.5 నుంచే సర్జరీ అవకాశం ఇవ్వాలన్నాయి. మన దేశ నిపుణులైతే 2009లోనే, జబ్బులున్నవారికి 32.5 చాలన్నారు.

బెంగళూరు మారతహళ్లిలో ఉండే తెలుగు ఉద్యోగి ఒకరిని ఊహించుకోండి. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 93 కిలోలు, ఇన్సులిన్ వేసుకున్నా లొంగని షుగరు. బీఎంఐ 33. డాక్టరు సర్జరీ మంచిదంటాడు. పాలసీ పత్రం కుదరదంటుంది. క్లెయిమ్ దక్కాలంటే ఆయన ఇంకో ఆరు కిలోలు పెరగాలి! వైద్యానికి అర్హత కోసం రోగం ముదరబెట్టుకోమనే నిబంధన ఇంకెక్కడైనా ఉందా?

2019లో ఐఆర్‌డీఏఐ ఈ గీతను ఎంచుకునేటప్పటికి మన ఒంటి తీరు తెలియనిదేం కాదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే షుగరు తెచ్చుకునే జాతి మనది. పైపెచ్చు బరువున్నవాళ్లూ తక్కువేం కాదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటక మహిళల్లో సుమారు 30 శాతం, ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నట్టు తేలింది.

ఆపరేషన్‌తో పని పూర్తవుతుందనుకోవడం మరో పొరపాటు. మొదటి రోజుల్లో అన్నీ ద్రవాలే, అవీ గుక్కెడు గుక్కెడుగా. తర్వాత కూడా ఒక్క ఇడ్లీని తుంచుకుంటూ నమిలి నమిలి తినాలి. తింటూ నీళ్లు తాగకూడదు. బీ12, ఐరన్, డీ విటమిన్ మాత్రలు, ఏటా రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు. రెండో ఏట నుంచి ఫాలోఅప్‌కు రావడం మానేసి, చిరుతిళ్లతో మళ్లీ బరువు పెరిగేవాళ్లూ ఉన్నారు.

2025 మార్చిలో బరువు తగ్గించే ఇంజెక్షన్ మౌంజారో మన మార్కెట్లోకి వచ్చాక కత్తి అవసరమేముందన్న ప్రశ్న మొదలైంది. కొందరికి నిజంగానే అవసరం ఉండదు. కానీ ఇంజెక్షన్ ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తుంది. పైగా అది నెలనెలా ఖర్చు; ఆసుపత్రిలో చేరకుండా వాడే మందులకు చాలా పాలసీలు పైసా ఇవ్వవు. మారతహళ్లి ఉద్యోగి సూది ఎంచుకున్నా, సర్జరీ ఎంచుకున్నా జేబులోంచే కట్టుకోవాలి. ఐఆర్‌డీఏఐ దీనికోసం కొత్త పథకమేదీ తేనక్కర్లేదు. ఆ నిబంధనలో రెండు అంకెలు మారిస్తే, కనీసం సర్జరీ బిల్లు బీమా కంపెనీ బల్ల మీదికి చేరుతుంది.