గాలిలో గంట.. రోడ్డుపై మూడు గంటలు!
బొబ్బిలి: విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు గగనతల దూరం సుమారు 500 కిలోమీటర్లు. విమానం ఈ దూరాన్ని గంటంబావులో చేరుకుంటుంది. అయితే ఆ విమానం అందుకోవడానికి బొబ్బిలి వాసి 110 కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం చేయాలి. అందుకు మూడు గంటలు, తనిఖీల నిమిత్తం ముందుగా చేరుకోవడానికి రెండు గంటలు, శంషాబాద్‌లో దిగాక నగరం చేరేందుకు మరో గంట. వెరసి ఏడు గంటల ప్రయాణంలో గాలిలో గడిచేది ఆరో వంతు మాత్రమే.

దూరం ఒకటే.. వేళలు వేరు

ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లేవారికి దుబాయ్, సింగపూర్ సుపరిచితాలు. విశాఖ నుంచి దుబాయ్ సుమారు 3,000, సింగపూర్ 2,900 కిలోమీటర్లు. రెండు నగరాలూ ఇంచుమించు సమాన దూరంలోనే ఉన్నాయి. నేరుగా ఎగిరితే నాలుగు గంటలకు అటూ ఇటూగా ప్రయాణం. శీతాకాలంలో పదివేల మీటర్ల ఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి. అందువల్ల దుబాయ్ వెళ్లే విమానానికి ఎదురుగాలి తగిలి ఆలస్యమవుతుంది. తిరుగు ప్రయాణం త్వరగా ముగుస్తుంది.

టికెట్టుపై ముద్రించే వేళలు ఆయా నగరాల స్థానిక కాలమానం ప్రకారం ఉంటాయి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనుక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. దుబాయ్‌లో రాత్రి 10 గంటలకు బయలుదేరి తెల్లవారుజామున 3.30కి ఇక్కడ దిగితే, చూడటానికి అయిదున్నర గంటలు. వాస్తవ ప్రయాణం నాలుగు గంటలే. తల్లిదండ్రుల కడసారి చూపునకు ఆదరాబాదరాగా బయలుదేరే కొడుకుకు ఈ లెక్క ఎంతో కీలకం. విమానం దిగాక పట్టే మూడు గంటలు మాత్రం ఏ టికెట్టులోనూ కనిపించవు.

భోగాపురంపై ఆశలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పొరుగునున్న బాడంగిలో విమానాలు దిగేందుకు రన్‌వే నిర్మించారు. అది ప్రయాణికుల అవసరాలకు అక్కరకు రాలేదు. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరంలో భాగం కావడంతో పౌర విమానాలకు పరిమితులు ఏర్పడ్డాయి. ఈ నేపథ్యంలోనే 2023 మే 3న భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. అక్కడి 3,800 మీటర్ల రన్‌వే నిండా ఇంధనంతో దూరదేశాలకు ఎగిరే భారీ విమానాలకూ అనువైనది. విశాఖతో పోలిస్తే బొబ్బిలి వాసులకు పాతిక కిలోమీటర్ల దూరం తగ్గుతుంది. నగర రద్దీ బెడదా తప్పుతుంది.

అయితే రన్‌వే ఒక్కటే సరిపోదు. రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం మీదుగా నాతవలస వరకు రహదారి సాఫీగా ఉండాలి. విమానాల వేళలకు అనుగుణంగా, ముఖ్యంగా రాత్రిపూట, బొబ్బిలికి ఆర్టీసీ బస్సులు నడపాలి. గాలిలో సమయాన్ని తగ్గించడం ఎవరి చేతుల్లోనూ లేదు. నేలపై వృథా అయ్యే సమయాన్ని తగ్గించడం మాత్రం పాలకుల చేతుల్లోనే ఉంది.