డాక్టరు దగ్గర రెండు నిమిషాలు

జబ్బుపడిన మనిషి డాక్టరు నుంచి కోరేదేమిటి? మందు అని వెంటనే అనేస్తాం. బ్రిటన్, జర్మనీ, స్వీడన్, పోర్చుగల్ తదితర 8 దేశాల రోగులను అడిగి 1999లో ప్రచురించిన ఒక పరిశోధనలో వేరే జవాబు వచ్చింది. తమ మాట వినడానికి, జబ్బేమిటో వివరించడానికి డాక్టరుకు తగిన సమయం ఉండాలి. ప్రాణం మీదికొస్తే వెంటనే చూడాలి. చెప్పుకున్న సంగతి బయటికి పొక్కరాదు. అన్నిటికన్నా ముందు వారు కోరినవి ఇలాంటివే. దేశాలు వేరైనా కోరికల్లో పెద్ద తేడా లేదు.

తేడా అంతా దొరికేదానిలో ఉంది. 67 దేశాల లెక్కలతో 2017లో మరో పరిశీలన వెలువడింది. ప్రాథమిక వైద్యుడు ఒక్కో రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22న్నర నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు! మన దేశంలో దాదాపు రెండు నిమిషాలు. సలాం చెప్పి కూర్చునేసరికే అందులో కొంత గడిచిపోతుంది.

జ్వరం ఎన్నాళ్లుగా ఉంది, లోగడ ఏ మందు పడలేదు, షుగరు ఉందా అని అడిగే తీరిక అందులో ఎక్కడిది? మన ఇళ్లలోని స్త్రీలకు మరీ ఇబ్బంది. ఉర్దూలో చెప్పుకునే అమ్మీజాన్ బాధను కొడుకు తెలుగులో డాక్టరుకు వినిపిస్తాడు. కొడుకు ముందు నోరు విప్పలేని బాధ ఆమెలోనే మిగిలిపోతుంది. గోప్యత ఐరోపావారికే కావలసిన సంగతి కాదు.

జనం వీధిలోని ఆర్.ఎం.పి. దగ్గరికి ఎందుకు పోతారని పెద్ద డాక్టర్లు విసుక్కుంటారు. ఇది పాత ప్రశ్నే. సుమారు 1100 ఏళ్ల క్రితం రై నగరపు వైద్యుడు అబూబక్ర్ అల్ రాజీ, నేర్పరులైన వైద్యులను వదిలి జనం నీమ్ హకీముల వెంట ఎందుకు పడతారనే విషయంపైనే ప్రత్యేకంగా రచన చేశారు. మాకు తోచినంతలో, ఆర్.ఎం.పి. మన భాషలో పలకరిస్తాడు, రాత్రయినా తలుపు తీస్తాడు, డబ్బు రేపిస్తామంటే ఒప్పుకుంటాడు. ఆ పైన మామూలు జలుబుకూ సూది, యాంటీబయాటిక్ ఇస్తాడు. జలుబు వైరస్ మీద ఆ మందు పనిచేయదు. అనవసరంగా వాడగా వాడగా, నిజంగా అవసరమైన నాడు సూక్ష్మజీవులు దానికి లొంగవు. మనలోనూ చాలామంది సూది వేయని డాక్టరును డాక్టరే కాదంటారు. విన్నవాడు లేనప్పుడు, సూది అయినా పడిందన్న తృప్తి కాబోలు.

హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. ఉచితంగా చూసే డాక్టరు ఇంటి దగ్గరికొచ్చాడు. దూరం తగ్గింది, సంతోషం. వరుస పెరిగినచోట రెండో డాక్టరును, ఉర్దూ తెలిసిన నర్సును, స్త్రీలు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడుకునే పరదా చాటును మనం అడగాలి. ఓట్లకు వచ్చిన వారిని అడిగితే మరీ మంచిది.