విశేషణములకు లింగవచనములు

దిల్‌సుఖ్‌నగరు, ఎల్‌.బి.నగరు ప్రాంతములనుండి మన తరగతులకు వచ్చు బాలబాలికలలో స్పానిషు భాష నేర్వగోరువారు ఇప్పుడు కొందఱు కలరు. తార్నాకయందలి ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమున ఆ భాష బోధింపబడుచుండుట వారి యాసక్తికి దోహదమగుచున్నది. వీరు మొట్టమొదట తడబడుచోటు విశేషణము.

'తెల్ల' యను మాటను తెలుగువాడెచ్చటను మార్చడు. తెల్లగుఱ్ఱము, తెల్లగుఱ్ఱములు, తెల్లచీర, తెల్లచీరలు. స్పానిషునందో ఈ యొక్క మాటకు నాలుగు రూపములు. పుస్తకము పుంలింగము గావున 'లిబ్రో బ్లాంకో', 'లిబ్రోస్ బ్లాంకోస్'. ఇల్లు స్త్రీలింగము గావున 'కాసా బ్లాంకా', 'కాసాస్ బ్లాంకాస్'. 'గ్రాందే', అనగా పెద్ద, మొదలగు కొన్ని మాటలు లింగమును లెక్కింపక, బహువచనమున మాత్రము 'గ్రాందేస్' అని మాఱును.

ఇందు తప్పినవానిని అశ్రద్ధగలవాడని కొందఱు తీర్మానింతురు. ఈ తీర్పు న్యాయము కాదని నా యభిప్రాయము. దిల్‌సుఖ్‌నగరు బజారులో 'బడా, బడే, బడీ' యను మాటలు నిత్యము వినుచున్న పిల్లవాడును హిందీ తరగతిలో 'బడా గాడీ' అని వ్రాసి నవ్వులపాలగుచున్నాడు గదా! అతడు తన తల్లిభాష నేర్పిన న్యాయమునే పాటించినాడు.

అట్లని మన భాషకు ఈ పొత్తు బొత్తిగా తెలియదనరాదు. బాలుడు మంచివాడు, బాలిక మంచిది, పుస్తకము మంచిది. బాలురు మంచివారు, బాలికలు మంచివారు, పుస్తకములు మంచివి. విశేషణము నామమునకు ముందున్నపుడు కదలదు. వాక్యాంతమున నిలిచినపుడు లింగవచనములను ధరించును. ఏకవచనమున బాలికను పుస్తకముతో జేర్చిన మన భాష, బహువచనమున ఆమెను బాలురతో సమముగా నిలుపుచున్నది. స్పానిషునందు నూఱుగురు బాలికల నడుమ ఒక్క బాలుడున్నను విశేషణము పుంలింగ బహువచనమే యగును. ఈ విషయమున మన బహువచనమే మర్యాదగలదని నాకు దోచును. ఏకవచనమునుగూర్చి మాత్రము మనము గర్వింపజాలము.

కావున ఉపాధ్యాయుడు 'మంచివాడు, మంచిది' అను మాటలతో పాఠము ప్రారంభించి, పిదప పరభాషలోనికి బోవుట మేలు. మన భాషలో భేదము వస్తువును బట్టి కలుగును. అక్కడ మాటను బట్టి కలుగును. ఒకే పుస్తకము స్పానిషులో 'లిబ్రో' యై పుంలింగము, హిందీలో 'కితాబ్' అయి స్త్రీలింగము. బల్ల మాత్రము రెండింటను స్త్రీలింగమే. అక్కడ 'మేసా', ఇక్కడ 'మేజ్'. ఇందు కారణము వెదకుట వృథా. కేవలము 'మేసా' యనక 'లా మేసా' యనియు, 'కితాబ్' అనక 'నయీ కితాబ్' అనియు జంటగా వల్లించిన బిడ్డకు లింగము నోటికే యలవడును. తలిదండ్రులు ఆ భాష లెఱుగకున్నను, ఇంట ఈ జంటలను వల్లింపజేయవచ్చును.

పత్రములు దిద్దునపుడు, అర్థము సరియై లింగమొక్కటి తప్పినచో సగము మార్కైనను ఈయవలయునని తోటి యుపాధ్యాయులకు నా మనవి.